దారికి కూడా మనపై హక్కున్నది

(షాబాన్ మాసంలో, రంజానుకు ముందు, మా పేట మస్జిదు ఆవరణలో బండ్ల వ్యాపారులు, యువకులు, పెద్దలు, మహిళలు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



రంజానుకు ముందు జరిగే సభలలో సాధారణంగా ఉపవాసాల ఘనతను గురించి, జకాతు లెక్కలను గురించి మాట్లాడుకుంటాము. ఈసారి తోపుడు బండ్లను గురించి, రోడ్డును గురించి మాట్లాడతామని మేము చెప్పినప్పుడు కమిటీలోని కొందరు పెద్దలు ఆశ్చర్యపడ్డారు. ఇది మస్జిదులో మాట్లాడవలసిన విషయమేనా అని అడిగినవారూ ఉన్నారు. పోయిన రంజానులో ఈ మస్జిదు గేటుకు వంద గజాల దూరంలో జరిగినది మనకు గుర్తుంటే ఆ ప్రశ్న పుట్టదు.

ఆ రాత్రి తరావీహ్ ముగిసి జనం బయటికి వస్తున్నారు. బజారు రోడ్డు మలుపు దగ్గర ఎడమ ప్రక్కన సమోసాల బండి ఉన్నది. భర్త మూకుడు దగ్గర నిలబడి వేయిస్తుంటే భార్య పొట్లాలు కట్టి ఇస్తున్నది. బండి వెనుక కాలిబాట ఉండవలసిన చోట మురుగు కాలువ ఉన్నది. దాని మీది పలకలు ఏనాడో విరిగిపోయాయి. అందుచేత కొనడానికి వచ్చినవారందరూ తారు రోడ్డు మీదనే, వచ్చిపోయే వాహనాలకు వీపు పెట్టి నిలబడ్డారు. వారిలో పదేళ్ళ పాప ఒకతె ఉన్నది. ఇంట్లో ఉన్న దాదీ కోసం సమోసాలు కొనడానికి వచ్చింది. అటు నుండి పదిహేనేళ్ళ పిల్లవాడు వెనుక స్నేహితుని కూర్చోబెట్టుకొని మోటారు సైకిలు మీద మలుపు తిరిగాడు. ఎదురుగా మనుషులు కనబడగానే తప్పించబోయి అదుపు తప్పాడు. పాప కాలు విరిగింది. మోటారు సైకిలు పోయి తోపుడు బండిని గుద్దుకున్నది. మూకుడులోని నూనె పొరలి ఆ ఇల్లాలి కుడి చేయి మోచేతి పైదాకా కాలింది.

మరునాటి ఉదయం పట్టణ పాలక సంస్థ సిబ్బంది ట్రాక్టరుతో వచ్చారు. ఆ వరుసలోని ఇరవై మూడు బండ్లనూ ఖాళీ చేయించారు. రెండు బండ్లను ఎక్కించుకొని పోయారు. ముందుగా నోటీసు లేదు, తీసుకుపోయిన సామానుకు జాబితా లేదు.

ఆ సాయంత్రం ఇద్దరు మనుషులు మమ్మల్ని వెదుక్కుంటూ వచ్చారు. ఒకరు ఆ పాప తండ్రి. ఆయన ఆటో నడుపుతారు. "చాచా, బండ్లను మళ్ళీ అక్కడే పెట్టిస్తారా?" అని అడిగారు. రెండవవారు సమోసాల బండి యజమాని. "చాచా, మా బండి ఎప్పుడు తెప్పిస్తారు?" అని అడిగారు. ఇద్దరూ మనవారే, ఇద్దరూ అడిగినది న్యాయమే. ఆ రోజు మేము ఇద్దరికీ తగిన జవాబు చెప్పలేకపోయాము. పదకొండు నెలలుగా ఆ రెండు ప్రశ్నలకూ సరిపోయే ఒకే జవాబు కోసం వెదకుతున్నాము. ఈనాటి సభ అందుకోసమే.

బండి వెనుక ఉన్నది ఎవరు?

ముందుగా ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. 2006 నవంబరులో సచార్ కమిటీ తన నివేదికను ప్రధానమంత్రికి సమర్పించింది. ముస్లిం పురుష కార్మికులలో నూటికి 12 మందికి పైగా వీధి వ్యాపారంలో ఉన్నారని, దేశం మొత్తం మీద ఆ సంఖ్య నూటికి 8 కంటే తక్కువేనని ఆ నివేదిక తెలిపింది. నెల జీతం వచ్చే ఉద్యోగాలలో మన వాటా తక్కువ. బ్యాంకు అప్పు దొరకడం కష్టం. దుకాణానికి అడ్వాన్సు ఇచ్చే స్తోమత లేదు. అటువంటివానికి మిగిలేది నాలుగు చక్రాల బండి, ఒక పొయ్యి, రోడ్డు ప్రక్కన నాలుగు అడుగుల జాగా.

ఆ నాలుగు అడుగుల మీద ఆధారపడినది ఒక్క మనిషి కాదు. సమోసాల పట్టీలు వత్తి, మడిచి, వందకు ఇంత అని కూలి తీసుకొనే స్త్రీలు మన వీధులలో ఎందరో ఉన్నారు. వారిలో కొందరు ఇప్పుడు ఈ పరదా వెనుకనే ఉన్నారు. హలీము బట్టీ దగ్గర రాత్రంతా గోధుమలు, మాంసం కలియబెట్టి మెదిపే యువకులున్నారు. రంజాను నెల సంపాదనతో పిల్లల బడి జీతాలు, ఇంటి అద్దె బాకీ, వడ్డీ వ్యాపారి బాకీ తీర్చుకొనే కుటుంబాలున్నాయి. బండ్లు లేచిపోయిన ఆ పద్దెనిమిది రోజులలో ఆ ఇళ్ళలో ఇఫ్తారుకు ఏమున్నదో వారికే తెలుసు.

ఆ ఇరవై మూడు బండ్లలో ఆరు మనవి కావు. ఉదయం ఇడ్లీలు అమ్మే అక్క ఉన్నది. సాయంత్రం మిర్చి బజ్జీలు వేసే అన్న, అరటిపండ్ల తాత ఉన్నారు. ట్రాక్టరు వచ్చినప్పుడు వారి బండ్లు కూడా లేచిపోయినవి. కొనేముందు అమ్మేవాని పేరు అడగాలని బోధించేవారు ఈ రోజులలో దేశంలో కొందరు బయలుదేరారు. మన బజారులో అటువంటి మాటకు ఇంతవరకు చోటు దొరకలేదు. ఇకముందు కూడా దొరకనీయరాదు. అందుచేత మేము అర్జీ వ్రాసినప్పుడు మనవారి పదిహేడు బండ్ల పేర్లు మాత్రమే వ్రాయలేదు, ఇరవై మూడు పేర్లూ వ్రాశాము.

చట్టం ఇచ్చినది, మనము తీసుకోనిది

వీధి వ్యాపారం నేరమన్నట్లు మాట్లాడేవారు ఇప్పటికీ ఉన్నారు. 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, వీధిలో వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం 19(1)(జి) అధికరణం క్రింద వచ్చే హక్కేనని తేల్చింది. అయితే ఆ హక్కుకు సహేతుకమైన ఆంక్షలు ఉండవచ్చునని, ఫలానా చోటే కావాలని పట్టుబట్టే హక్కు ఎవరికీ లేదని కూడా చెప్పింది. ఈ రెండు మాటలనూ కలిపి చదువుకోవాలి.

దాని తరువాత పాతికేళ్ళకు 2014లో వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణ, క్రమబద్ధీకరణ చట్టం వచ్చింది. ఆ ఏడాది మే 1 నుండి అమలులో ఉన్నది. అందులోని ముఖ్యమైన విషయాలు వినండి. అయిదేళ్ళకు ఒకసారైనా వీధి వ్యాపారుల సర్వే జరపాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించరాదు. తొలగించవలసి వచ్చినా, వేరే చోటికి మార్చవలసి వచ్చినా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సామాను స్వాధీనం చేసుకుంటే జాబితా వ్రాసి, సంతకం చేసి, నకలు ఇవ్వాలి. పాడైపోయే సరుకును అడిగిన రోజే, మిగిలినదానిని రెండు పని దినాలలో తిరిగి ఇవ్వాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది టౌన్ వెండింగ్ కమిటీ. మునిసిపల్ కమిషనరు దానికి అధ్యక్షులు. సభ్యులలో నూటికి 40 మంది కంటె తక్కువ కాకుండా వీధి వ్యాపారులే తమలో నుండి ఎన్నుకొన్న ప్రతినిధులు ఉండాలి. ఆ ప్రతినిధులలో మూడింట ఒక వంతు స్త్రీలు ఉండాలి. అల్పసంఖ్యాకులకు కూడా తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలని చట్టమే చెబుతున్నది. ట్రాఫిక్ పోలీసులకు, వైద్యాధికారికి, కాలనీ నివాసుల సంఘాలకు, బ్యాంకులకు కూడా ఆ కమిటీలో చోటున్నది. అంటే బండి పెట్టుకొనేవాడు, ఆ దారిన నడిచేవాడు, దారిని కాపాడే పోలీసు ఒకే బల్ల చుట్టూ కూర్చొని, ఏ వీధిలో బండ్లు ఉండవచ్చు, ఏ వేళలలో ఉండవచ్చు, ఎక్కడ అసలు ఉండరాదు అని తేల్చుకొనే ఏర్పాటు చట్టంలోనే ఉన్నది. ఆ పాప తండ్రి ప్రశ్నకు, బండి యజమాని ప్రశ్నకు జవాబు దొరకవలసిన చోటు అదే.

మరి మనకెందుకు ఉపయోగపడలేదు? ఇరవై మూడు బండ్లలో ధ్రువపత్రం ఉన్నవి నాలుగే. మెప్మా సిబ్బంది సర్వేకు వచ్చినప్పుడు మనవారిలో చాలామంది బండి వదలి ప్రక్క సందులోకి పోయారు. ఆధార్ కార్డు అడిగితే ఇంటి దగ్గర ఉన్నదని చెప్పి మళ్ళీ పోలేదు. ఆ భయం ఎందుకు పట్టుకున్నదో మాకు తెలుసు. పౌరసత్వ పత్రాల గొడవ లేచిన నాటి నుండి సర్వే అనే మాట వింటేనే మన ఇళ్ళలో తలుపులు మూతపడుతున్నాయి. ఆ భయాన్ని మేము వెక్కిరించము. కాని ఈ సర్వేలో పేరు లేకపోవడమే మనకు నష్టం తెచ్చింది. పేరు ఉన్న నలుగురి బండ్లు మూడవ రోజున తిరిగి నిలబడ్డాయి. మిగిలినవి పద్దెనిమిది రోజుల తరువాతగాని నిలబడలేదు. 2020లో ప్రారంభమైన స్వనిధి పథకం క్రింద మొదటి విడతగా 10,000 రూపాయల అప్పు హామీ లేకుండా దొరికిన కాలంలో కూడా, గుర్తింపు కార్డు లేనందువల్ల మనవారిలో అనేకులు వడ్డీ వ్యాపారి దగ్గరకే పోయారు.

మేము ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవారము. ఆ అనుభవంతో ఒక్కమాట చెబుతాము. నోటితో చెప్పుకున్న మొర కార్యాలయం గుమ్మం దాటదు. అర్జీ రెండు ప్రతులు వ్రాయండి. ఒకటి తపాలు విభాగంలో ఇచ్చి, రెండవదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డు నంబరు వేయించుకోండి. రోజూ ఆశీలు కడుతున్నామంటారు. రసీదు ఏదీ అని అడిగితే చెత్తబుట్టలో వేశామంటారు. మీరు ఆ చోట ఎన్నేళ్ళ నుండి వ్యాపారం చేస్తున్నారో చెప్పే సాక్ష్యం ఆ చిన్న కాగితమే. రసీదు ఇవ్వకపోతే అడగండి. ఇచ్చినది దాచుకోండి.

మేము చేసిన తప్పు

ఇంతవరకు ఇతరులు చేయవలసినది చెప్పాము. ఇక మా తప్పు చెప్పుకోవాలి. ఆ పాప తండ్రి అనుమతి తీసుకొనే ఈ మాట చెబుతున్నాము.

మోటారు సైకిలు నడిపిన పిల్లవాని కుటుంబం మన పేటలోనిదే. కేసు పెడితే పిల్లవాని చదువు పాడవుతుందని, పేట పరువు పోతుందని, పుణ్య మాసంలో పోలీసు స్టేషను మెట్లు ఎక్కడమేమిటని అందరూ అన్నారు. అన్నవారిలో మేమూ ఉన్నాము. మేమే మధ్యన కూర్చొని రాజీ చేశాము. ఆసుపత్రి ఖర్చు తాము భరిస్తామని వారు మాట ఇచ్చారు, ఆ మాట నిలబెట్టుకున్నారు కూడా. ఎఫ్‌ఐఆర్ నమోదు కాలేదు. అందరమూ ఒకరినొకరు కౌగిలించుకొని ఇళ్ళకు పోయాము.

ఏడు నెలల తరువాత ఆ పాప కాలికి మరొక శస్త్రచికిత్స అవసరమని వైద్యులు చెప్పారు. అప్పటికి ఇచ్చిన మాట గడువు తీరిపోయింది. మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రతి వాహనానికీ ఉండవలసిన థర్డ్ పార్టీ బీమా ఇటువంటి సమయం కోసమే. నడిపినవానికి లైసెన్సు లేకపోయినా, ముందు బీమా సంస్థ బాధితునికి చెల్లించి, తరువాత వాహన యజమాని నుండి రాబట్టుకొనే పద్ధతిని 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. కాని ఎఫ్‌ఐఆర్ లేనిదే ప్రమాదం జరిగినట్లు రుజువేది? పైగా 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారం పరిహారం కోసం ట్రిబ్యునలులో ఆరు నెలలలోపు దరఖాస్తు చేసుకోవాలి. ఆ గడువు దాటిపోయింది. రాజీ చేసుకున్నది పెద్దలము. నష్టపోయినది ఏమీ ఎరుగని పిల్ల. ఈ సభాముఖంగా ఆ తండ్రిని మేము క్షమాపణ కోరుతున్నాము. ఆ శస్త్రచికిత్స ఖర్చుకు కమిటీ తరఫున మా వంతు ఇస్తున్నాము. అయితే మనము చేసే చందా చట్టం ఇచ్చే హక్కుకు సాటి రాదు.

క్షమించడం గొప్ప గుణమే. క్షమించే హక్కు మాత్రం బాధపడినవారిది. చుట్టూ చేరిన పెద్దలు ఆ హక్కును తమ చేతులలోకి తీసుకోరాదు. ఇకమీదట మన పేటలో ప్రమాదం జరిగితే ముందు ఆసుపత్రి, వెంటనే పోలీసు ఫిర్యాదు. సర్దుబాటు మాట ఆ తరువాతనే.

దీనితోపాటు మరికొన్ని విషయాలు ప్రతి ఇంటా తెలిసి ఉండాలి. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చినవారిని పోలీసులు వేధించరాదు. వారు తమ పేరు చెప్పాలని కూడా నిర్బంధించరాదు. చట్టంలోని 134ఎ సెక్షను వారికి ఆ రక్షణ ఇచ్చింది. గుద్ది పారిపోయిన వాహనం ఏదో తెలియకపోయినా మరణానికి 2 లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇచ్చే కేంద్ర పథకం 2022 నుండి అమలులో ఉన్నది. ఇక కాలిన గాయాల సంగతి. ఆ రాత్రి ఆ సోదరి చేతికి ఎవరో ప్రేమతోనే టూత్‌పేస్టు పూశారు. ఆసుపత్రిలో దానిని కడిగి తీసేటప్పుడు ఆమె పడిన బాధ చూడలేకపోయాము. కాలినచోట ఇరవై నిమిషాల పాటు చల్లని నీటి ధార పడనివ్వాలి. పేస్టు, సిరా, పసుపు ఏదీ పూయరాదు. మండుతున్న నూనె మీద మాత్రం నీరు పోయరాదు. పోస్తే మంట ఎగసిపడుతుంది. మూత పెట్టి గాలి తగలకుండా చేయాలి.

టేపు పట్టి కొలిచినప్పుడు

రంజాను పండుగ తరువాత ఒక శుక్రవారం ఫజర్ నమాజు కాగానే నలుగురము టేపు తీసుకొని ఆ మలుపు దగ్గరకు పోయాము. తరువాత రాత్రి ఇషా వేళ మరొకసారి కొలిచాము. తప్పు ఎవరిదో కళ్ళతో చూద్దామనుకున్నాము.

బండ్లు ఆక్రమించినది నాలుగు అడుగులు. వాటి ముందు నిలబడినవారికి మరో మూడు అడుగులు. పక్కా దుకాణాలవారు కాలువ మీదికి కట్టుకున్న మెట్లు మూడు అడుగులు. ఎదురు వైపున వరుసగా నిలిపిన మోటారు సైకిళ్ళు, స్కూటర్లు ఏడు అడుగులు. రెండు చోట్ల కార్లు కూడా ఉన్నాయి. ఆ వాహనాలు ఎవరివి? నమాజుకు వచ్చినవారివి. వాటిలో మా స్కూటరు కూడా ఉన్నది. మేము ఉండేది మస్జిదుకు నాలుగు వీధుల అవతల.

నడిచేవారి కోసం కాలిబాట మీద కనీసం 1.8 మీటర్లు, అంటే సుమారు ఆరు అడుగులు, ఏ అడ్డమూ లేకుండా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు ప్రమాణం చెబుతున్నది. ఆ వీధిలో నడిచేవారికి ఒక్క అడుగు కూడా మిగలలేదు. ట్రాక్టరు వచ్చినప్పుడు బండ్లు పోయాయి. మెట్లు పోలేదు, మా స్కూటర్లూ పోలేదు. బండివాడు అందరికంటె బలహీనుడు కాబట్టి తప్పంతా అతని మీద పడింది.

దైవప్రవక్త (సఅసం) తమ సహచరులను దారులలో కూర్చోవద్దని వారించిన హదీసు మీలో అనేకులకు తెలుసు. కూర్చోక తప్పదని వారు విన్నవించుకున్నప్పుడు, అయితే దారికి దాని హక్కును ఇవ్వండని ఆయన ఆదేశించారు. దారి హక్కు ఏమిటని వారు అడిగితే చూపులను అదుపులో ఉంచుకోవడం, ఎవరికీ బాధ కలిగించకపోవడం, సలాముకు బదులు పలకడం, మంచిని బోధించడం, చెడును వారించడం అని వివరించారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాలలోనూ ఉన్న హదీసు ఇది. తప్పనిసరియై దారి ప్రక్కన కూర్చున్నవారిని ఆయన లేపి పంపలేదు. వారికి కూర్చొనే వీలు ఇచ్చి, దానితో పాటు బాధ్యతను కూడా ఇచ్చారు. 2014 నాటి చట్టం కూడా ఇంచుమించు ఇదే చెబుతున్నదని మాకు తోస్తున్నది. మన హక్కులను గురించి మనము ఎన్నో సభలు జరుపుకున్నాము. జరుపుకుంటూనే ఉండాలి. దారికి మనపై ఉన్న హక్కును గురించి ఒక్క సభ కూడా జరుపుకోలేదు.

ఈ రంజానుకు మనము చేయబోయేది

బండ్లవారితో నాలుగుసార్లు కూర్చొని కొన్ని నిర్ణయాలు చేసుకున్నాము. మీ అందరి అంగీకారం కోసం చదువుతున్నాము.

మొదటిది. మలుపుకు ఇటు ఇరవై అడుగులు, అటు ఇరవై అడుగులు ఏ బండీ ఉండదు. అందువల్ల మూడు బండ్లు చోటు కోల్పోతాయి. వాటిలో సమోసాల బండి ఒకటి. ఆ మూడింటికి మస్జిదు ప్రహరీ ప్రక్కనున్న ఖాళీ స్థలం ఇస్తున్నాము. ఇన్నాళ్ళూ కమిటీ సభ్యుల స్కూటర్లు నిలిపిన చోటు అదే. వక్ఫ్ స్థలం కాబట్టి నియమాలు చూచుకొని, నెల రోజులకు మాత్రమే, వ్రాతమూలకంగా కమిటీ తీర్మానం చేసింది.

రెండవది. బండ్లన్నీ ఒకే ప్రక్కన ఉంటాయి. కొనేవారు రోడ్డు వైపు కాక దుకాణాల వైపు నిలబడేలా బండ్లను త్రిప్పి పెడతారు. కాలువ పలకల కోసం, మలుపు దగ్గర స్పీడు బ్రేకరు కోసం, వీధి దీపం కోసం అర్జీ ఇచ్చాము. ఇన్‌వర్డు నంబరు మా దగ్గర ఉన్నది. పలకలు ఇంకా రాలేదు. వచ్చేదాకా దుకాణదారులు తమ తమ ముందర కడప బండలు పరిపించడానికి ఒప్పుకున్నారు. మెట్లు కట్టుకున్నవారిలో ఇద్దరు వాటిని తగ్గించుకుంటామన్నారు. మిగిలినవారిని అల్లాహ్ పేరు మీద కోరుతున్నాము.

మూడవది. మూకుడు, గ్యాసు సిలిండరు రోడ్డు వైపు ఉండరాదు. మూకుడుకు మూడు వైపుల రేకు అడ్డం పెట్టాలి. దగ్గరలోనే మూత ఒకటి, ఇసుక బకెట్టు ఒకటి ఉండాలి. రోడ్డు వైపున్న బండి అంచులకు రాత్రి వెలుగు పడితే మెరిసే పట్టీలు అంటించాలి. ఆ పట్టీల ఖర్చు కమిటీది.

నాలుగవది మాకూ మీకూ సంబంధించినది. నాలుగు వీధుల లోపల ఉండేవారు నమాజుకు నడిచి రండి. నమాజు కోసం వేసే ప్రతి అడుగుకూ పుణ్యమున్నదని మనము పిల్లలకు చెబుతాము. దూరం నుండి వచ్చేవారి వాహనాలకు ప్రక్కనున్న బడి ఆవరణను ఇవ్వడానికి యాజమాన్యం ఒప్పుకున్నది. ఈ నెల రోజులూ మా స్కూటరు ఇంటి దగ్గరే ఉంటుంది. మేము దానిని రోడ్డు మీద నిలిపినట్లు మీకు కనబడితే నలుగురిలో అడగండి.

అయిదవది తల్లిదండ్రులకు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లవాడు వాహనం నడిపి ప్రమాదం చేస్తే తండ్రికి గాని, వాహన యజమానికి గాని మూడేళ్ళ దాకా జైలు శిక్ష, 25,000 రూపాయల జరిమానా విధించడానికి చట్టంలోని 199ఎ సెక్షను వీలు కల్పించింది. వాహనం రిజిస్ట్రేషను ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవానికి ఇరవై అయిదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. శిక్షకు భయపడి కాకపోయినా, ఆ పిల్లవానిని తలచుకొని అయినా ఆలోచించండి. వాడు చెడ్డవాడు కాదు. ఆ రాత్రి నుండి వాడు ఆ వీధిలోకి రాలేదు. నాలుగు వీధులు చుట్టి బడికి పోతున్నాడు. తాళం చెవి ఇచ్చిన చేయి మాత్రం పెద్దలదే. తల్లులారా, సహరీ దాకా పిల్లలు బైకుల మీద తిరగడం రంజాను వేడుక అనుకోకండి. తాళం చెవులు మీ దగ్గర పెట్టుకోండి.

ఆరవది. ఈ నెలలోనే బండ్లవారందరి పేర్లతో సర్వే కోసం, ధ్రువపత్రాల కోసం దరఖాస్తులు వ్రాస్తాము. ప్రతి ఆదివారం జొహర్ తరువాత ఇక్కడ కూర్చుంటాము. ఇడ్లీల అక్క, బజ్జీల అన్న కూడా వస్తామన్నారు. టౌన్ వెండింగ్ కమిటీ సమావేశం జరపాలని, ప్రతినిధుల ఎన్నిక పెట్టాలని వ్రాతపూర్వకంగా అడుగుతాము. మన స్త్రీలలో ఒకరు ఆ ఎన్నికలో నిలబడాలని మా కోరిక. చేయి కాలిన ఆ సోదరినే అడిగాము. ఆలోచించి చెబుతానన్నది.

చివరగా

ఆ పాప తండ్రి ఈ సభలో ఉన్నారు. ఆయన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతున్నాము. భాయీ, బండ్లు వస్తాయి. వాటి మీద బ్రతికే ఇళ్ళను మూయించే హక్కు మాకు లేదు. కాని మీ బిడ్డ నిలబడిన ఆ చోట మాత్రం ఏ బండీ ఉండదు. అక్కడ ఎవరైనా బండి పెట్టినా, వాహనం నిలిపినా, ముందుగా మమ్మల్ని అడగండి. సమోసాల బండి సోదరా, మీ బండి ఇరవై రోజుల తరువాత విరిగిన చక్రంతో తిరిగి వచ్చింది. పెద్ద గిన్నె ఒకటి రానే లేదు. జాబితా లేనందున దానిని రాబట్టలేకపోయాము. ఈసారి మీ దగ్గర కాగితం ఉండాలి, మీ వెనుక పేట ఉండాలి. ఆ రెండింటికీ మేము బాధ్యులము.

ఈ జవాబు పూర్తిగా సరిపోయినదని మేము అనుకోవడం లేదు. స్పీడు బ్రేకరు రాలేదు. దీపం వెలగలేదు. పాప ఇంకా కుంటుతూనే నడుస్తున్నది. ఈ రంజాను గడచిన తరువాత ఇదే ఆవరణలో మరొకసారి కూర్చొని, ఈ ఆరింటిలో ఏవి నిలబెట్టుకున్నామో, ఏవి తప్పామో లెక్క చెప్పుకుందాము. దారిలో పడి ఉన్న ముళ్ళను తొలగించడం కూడా విశ్వాసంలోని భాగమేనని నేర్చుకున్న సముదాయం మనది. ఆ ముల్లు మన స్కూటరే అయినప్పుడు తొలగించడం కొంచెం కష్టంగా ఉంటుంది. ఆ కష్టాన్ని కూడా ఈ ఉపవాసాలలో భాగంగా స్వీకరిద్దాము.

అల్లాహ్ మన పిల్లలను, మన వీధులను, మన కష్టార్జితాన్ని కాపాడుగాక. రానున్న రంజానును మన ఇరుగు పొరుగు అందరికీ క్షేమకరం చేయుగాక. ఆమీన్.

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.